కొసరు

తంగసాల వీధిలో పారస్‌మల్ సేటు కొట్లో
తాకట్టు చీటీలు రాయడం నా పని.
పద్నాలుగేళ్లుగా నా అక్షరాల కింద
ఎవరెవరివో మెడలు, చెవులు, మణికట్లు
ఇనప్పెట్టెలో పడుకుని ఉన్నాయి.

సేటుకో పద్ధతుంది.
వస్తువు బల్లమీద పెడతాడు గానీ ఎడంచెయ్యి తియ్యడు.
కుడిచేతికి నోట్లు తగిలి, లెక్క సరిపోయాక
అప్పుడు లేస్తాయి వేళ్లు, ఒక్కొక్కటే.

మా ఆయన మునిరత్నం, ఓడలో ఆయిలరు.
ఎవరి చమురో, ఎవరి జెండానో.
ఒకరంటే ఒకరికి పడని రెండు దేశాల మధ్య
ఇరుకు నీళ్లలో
తుపాకులు నిచ్చెనేసుకుని ఎక్కాయట.
పంతొమ్మిది మంది. పదకొండు నెలలు.

బీచ్ స్టేషనెదురు ఏజెంటాఫీసులో
ఊగే కాలున్న కుర్చీ నాదైపోయింది.
"మాట్లాడుతున్నారమ్మా" అనేవాడు లియోనార్డ్,
ఎవరు ఎవరితోనో పాపం అతనికీ తెలీదు.
ఆరో నెల్లో నా గాజులకు నేనే చీటీ రాసుకున్నాను.
పేరు నీలావతి. బరువు ఇరవైనాలుగు గ్రాములు.
ఎందుకు అనే గడి మా చీటీలో ఉండదు.

ఒక మంగళవారం కొట్లో టీవీ చెప్పింది:
యాభై ఏళ్ల కింద డబ్బు పుచ్చుకుని
పంపకుండా ఎగ్గొట్టిన యంత్రాల బాకీ
ఒక దేశం ఇంకో దేశానికి తీర్చేసిందట, వడ్డీతో.
బాకీ ముట్టిన దేశం ఆరోజే
తన జైల్లో ఉన్న నలుగురు పరాయివాళ్లను
దయతలచి వదిలేసిందట.
దీనికీ దానికీ సంబంధం లేదు, అంది ఒక కోటు.
సంబంధం లేదు, అంది ఇంకో కోటు, ఇంకో భాషలో.
డబ్బు విమానం అక్కడ దిగేదాకా
మనుషుల విమానం ఇక్కడ కదల్లేదని
అడుగున సన్నక్షరాలు పరిగెత్తాయి.

సేటు టీవీ చూశాడు.
బల్లమీది తన ఎడంచెయ్యి చూసుకున్నాడు.
"వీళ్లకి లైసెన్సు ఎవరిచ్చారమ్మా?" అన్నాడు.

మర్నాడు లియోనార్డ్ ఫోను: ఓడనీ వదిలేశారు.
ఆ నలుగురి పేర్లూ లోకమంతా చదివింది.
మావాళ్లు ఆఖరి పేరాలో, అంకెగా.
వంద కాయలకు బేరం తెగాక
గంపలోంచి తీసి పైన పడేసే
ఆ రెండు కాయల్లాగా.

తండయారుపేట మెట్లెక్కి వచ్చాడు.
విడిపించుకున్న వస్తువును ఎవరైనా
అక్కడే తూకం వేయించుకుంటారు, రాయి ఊడిందేమో చూసుకుంటారు.
నేనూ చూశాను.
తొమ్మిది కిలోలు తరుగు. కుడిచెవి వినదు.
రాత్రి తలుపు దగ్గరకేసి నిలబడతాడు,
గడియ బయటినుంచి ఎవరో వేస్తారని.

చీకట్లో అడిగాడు: "నాకెంత కట్టారే?"
లెక్కల మనిషిని కదా,
నలుగురికి పంచి చూశాను, పంతొమ్మిది కలిపి చూశాను.
కొసరుకు ధర ఉండదని ఏ నోటితో చెప్పను?
"ఊరికే ఇచ్చారు" అన్నాను.
"తీసుకున్నదీ ఊరికేగా" అని అటు తిరిగి పడుకున్నాడు.

బందీగా ఉన్న నెలలు పనిచేసిన నెలలు కావంటోంది కంపెనీ.
జీతం వివాదంలో ఉందట.
నా గాజులు ఇంకా సేటు పెట్టెలోనే ఉన్నాయి,
వడ్డీ నా చేతిరాతలోనే పెరుగుతోంది.
దీనికీ దానికీ
సంబంధం లేదు.