అంగుళానికి ఎన్ని పోగులు

ఉరవకొండలో ఆ వేసవంతా నా పని
కుళ్లాయప్ప నేసిన పాత చీరలు వెతకడం.

అనంతపురం పెద్దాసుపత్రి నుంచి వచ్చిన షమీమ్ డాక్టరమ్మ
నా చేతికి ఒక భూతద్దం, ఒక నోటుబుక్కు ఇచ్చింది.
"చీర నేసిన సంవత్సరం రాయి.
కొంగుకు మూరెడు ఇవతల
అంగుళానికి ఎన్ని పేక పోగులున్నాయో లెక్కపెట్టు.
తప్పితే మళ్లీ లెక్కపెట్టు."

ఆయన కుడిచెయ్యి అప్పటికే
ఒళ్లో కూర్చోబెట్టుకున్న కోడిపిల్ల.
పట్టుకుంటే ఆగేది, వదిలితే వణికేది.
నాడె ఇంకొకరి చేతికి పోయి రెండేళ్లు.

మెదడు అడుగున ఒక చిన్న చోట
నల్లటి కణాలుంటాయట.
ఒక్కొక్కటే దీపమార్పుకుంటూ పోతాయట.
చాలా భాగం ఆరిపోయాక గానీ
చెయ్యి వణకదట.
"మరి అన్నేండ్లూ ఆ చీకటి యాడ దాక్కోనుంటాది?"
అడిగింది ఓబుళమ్మ.
"నేను వెతికేదీ అదే" అంది డాక్టరమ్మ
టీ గ్లాసు కింద పెట్టకుండానే.

ఓబుళమ్మకు కొన్ని గుర్తున్నాయి.
పెనంలో చెనిక్కాయలు మాడి ఇల్లంతా పొగైన రోజు
పక్కనే కూర్చుని "ఏం వాసనా రాలేదే" అన్నాడని.
ఆ రోజు తను తిట్టిన తిట్లు కూడా, వరసగా.
నిద్దట్లో ఎవరితోనో కొట్లాడి
గోడను తన్నేవాడని.
ఏ సంవత్సరం అమ్మా అంటే
"మా పెద్దదాని మూడో కాన్పప్పుడు."
తేదీ కాదది. అయినా రాసుకున్నాను.

ఇక చీరలు.
బంగారయ్య కోడలి ట్రంకుపెట్టెలో ఒకటి,
కలరా ఉండల మధ్య, మడతల మీద చిట్లి.
వజ్రకరూరులో ఒకటి ఉయ్యాలైంది.
పిల్లవాడు నిద్ర లేచేదాకా ఆగి లెక్కపెట్టాను.
ఒకదాన్ని జరీలో వెండి కోసం కాల్చేశారు.
ఒకటి, కట్టుకున్నామెతోనే వెళ్లిపోయింది.
ఆ గడిలో ఏం రాయాలో తెలీక
పెన్ను మూసి కాసేపు కొండ వైపు చూశాను.
పడగెత్తినట్టుండే ఆ కొండా ఏమీ చెప్పలేదు.

డెబ్బై రెండు. డెబ్బై రెండు.
డెబ్బై రెండు. డెబ్బై ఒకటి.
అరవై తొమ్మిది.

ఆయన పన్నె దెబ్బ సడలడం మొదలైంది
చెయ్యి వణకడానికి ఏడేళ్ల ముందు.
నేసినవాడికి తెలీదు, కట్టుకున్నవాళ్లకు తెలీదు,
ప్రతి చీరకూ వంక పెట్టే షావుకారుకూ తెలీదు.
పట్టుకు తెలుసు.

నేను ఎగిరి గంతేయబోయాను.
"ఒక్క మనిషి, పదకొండు చీరలు" అని ఆపింది డాక్టరమ్మ.
"ఇది రుజువు కాదు, అనుమానం.
ఇంకా నలభై మగ్గాలు చూడాలి మనం."

కుళ్లాయప్పకు మాత్రం చెప్పాం.
నయం చేసే మందేదీ మా దగ్గర లేదని అంతకుముందే చెప్పాం.
ఆయన ఆ అరవై తొమ్మిది చీరను
ఎడమచేత్తో చాలాసేపు నిమిరాడు.
"ఆ ఏడు ముసురు పట్టింది పాపా.
గుంటకు నెమ్మెక్కి నేత పల్చబడిందనుకుంటి.
పన్నె మీద కోపమొచ్చి మార్చేస్తి కూడా.
పాపం, దాని తప్పేం లేదన్నమాట."

సాయంత్రం పక్క మగ్గం మీది ఎర్రిస్వామిని
కళ్లు మూసుకోమని
ముక్కు దగ్గర వేయించిన చెనిక్కాయలు పెట్టాను.
"పరీక్షా అక్కా, తినమనా?" అన్నాడు.
వాసన: వచ్చింది, అని రాసుకున్నాను.
భూతద్దం పైటకొంగుతో తుడిచి
అతని మగ్గం మీదికి వంగాను.