సున్నా గడి

మే నెలలో కూడా నేను స్వెట్టర్ వేసుకునే పని.
సోమాజిగూడ, మూడో అంతస్తు.
స్విచ్చికి ఉక్కపోస్తే నగరానికి నోరు పడిపోతుందని
నాలుగు ఏసీలూ దాని కోసమే, నా కోసం కాదు.

గోడ పొడుగునా బీరువాలు. వాటిలో
చేవెళ్ల, శంకర్‌పల్లి, మేడ్చల్, ఇబ్రహీంపట్నం
కందిగింజంత పచ్చ దీపాలై కూర్చుంటాయి.
ఆ ఊళ్ల గుట్టల మీద టవర్లు మా కంపెనీవే.
దారి మాత్రం మాది కాదు,
టెలిఫోను శాఖ దగ్గర అద్దెకు తెచ్చుకున్న రాగి తీగలు.
నెలనెలా బిల్లొస్తుంది.
మాటకు కాదు, కిలోమీటరుకు.
ఊరంతా వాగినా అంతే, ఊరంతా పడుకున్నా అంతే.
దూరానికే అద్దె.

చేరిన కొత్తలో హయగ్రీవరావు సారు
బోర్డు మీద ముప్పై రెండు గడులు గీశారు.
"సెకనుకి ఎనిమిది వేల సార్లు బయల్దేరే రైలమ్మా ఇది.
ముప్పై పెట్టెల్లో ముప్పై గొంతులు.
పదహారో పెట్టెలో ఎవరు ఎవర్ని పిలిచారో చీటీ."
మరి సున్నాలో?
"అందులో ఎవరూ ఎక్కరు.
రైలు ఇక్కడ మొదలని చెప్పడానికే అది.
అది తప్పిందా,
అల్లుడి మాట వడ్డీవాడి చెవిలో పడుద్ది."

ఆ రాత్రి ఒంటిగంట పదికి చేవెళ్ల ఎర్రబడింది.

లంగర్‌హౌజ్ ఎక్స్‌చేంజిలో లూప్ వేయించాను.
నేను పంపిన అంకెలు నాకే తిరిగొచ్చాయి,
బావిలోకి వేసిన కేక వేసినట్టే పైకొచ్చినట్టు.
అక్కడిదాకా బాగుంది.
మొయినాబాద్‌లో వేయించాను.
కేక పోయింది. రాలేదు.

జాయింటర్ జహంగీర్ భాయ్‌ని నిద్ర లేపారు.
మూడింటికి, అజీజ్‌నగర్ దాటాక ఎక్కడో గుంతలోంచి,
టెస్ట్ ఫోన్ కొక్కేలు తగిలించి, ఆయన గొంతు:
"నల్లా పైపుకని జేసీబీతోని తవ్విన్రు మేడమ్.
పైపూ పాయె, కేబులూ పాయె.
రెండొందల జతలున్నయ్. మీదేది?"
రంగులు చెప్పాను.
"నడుము దాంక నీళ్లు. బురదల అన్ని రంగులు ఒక్కటే."
సన్నటి మోతొకటి మా జతలోకి వదిలాను.
ఆయన ఒక్కో తీగనీ ఎత్తి, తుడిచి, విని, వదిలి,
ఇంకోటి ఎత్తి.

మధ్యలో అడిగాడు,
"గింత రాత్రి చేవెళ్లల ఎవరు మాట్లాడ్తరు మేడమ్?"

నాకు తెలీదు భాయ్.
నాకు గొంతులు వినబడవు.
గడులు నిండటం కనబడుతుంది, ఖాళీ అవటం కనబడుతుంది.

ఐదుకి ఐదు నిమిషాలుందనగా పచ్చ దీపం.
దీపాన్ని నమ్మకూడదు. తీగ అతుక్కుందంటుందే గానీ
టవరు లేచిందో లేదో చెప్పదు.
గుట్ట మీద కాపలా ఉండే ఈస్తారికి ముందే చెప్పి ఉంచాం.
నిమిషానికి అతని పూట కూలి పోయే రోజులు;
"ఎత్తకు మేడమ్" అన్నాడతను, "ఎత్తితే నా పైసలు పోతయ్."

ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను.
ఒక్క రింగు.
ఆగిపోయింది.
ఏమీ చెప్పలేదు. అదే చెప్పాల్సింది.

తర్వాత మూడో గడి నిండింది. ఏడోది. పదకొండు, పన్నెండు.
జాంబాగ్ మార్కెట్‌లో చామంతి ధర అడిగే పూలరైతులేమో.
పురుడొచ్చిన ఇల్లేమో.
ఇంతసేపూ డయల్ చేసి చేసి తిట్టుకున్న వాళ్లెవరో.

భాయ్‌కి చెబుదామని లంగర్‌హౌజ్‌కి చేశాను,
అదిగో, మాట్లాడుతున్నారు అని.
గుంతలో కొక్కేలు అప్పటికే ఊడదీశారు.
ఆయనకు సెల్‌ఫోన్ లేదు.

రిజిస్టరు తీసి రాశాను:
పోయింది 1.10. వచ్చింది 4.55.
కారణం, కేబుల్.
బాగుచేసింది, టెలిఫోను శాఖ.
పేరు రాయడానికి
అందులో గడి లేదు.