ఏడు గంటల తలుపు

త్బిలిసిలో, సోలోలాకి ఏటవాలు వీధిలో
పదిహేడో నంబరు ఇల్లు.
ముప్పై ఒక్క ఏళ్లు కరెంటు మీటర్లు చూస్తూ
ఆ మెట్లెక్కాను, దిగాను.
పేట చరిత్ర నాకు తెలిసిందల్లా
ఆ గుమ్మం పక్క గోడ మీదే.

మొదట ఒక్కటే గంటట.
ఇత్తడిది, సింహం నోట్లో ఉంగరం.
తోళ్ల వ్యాపారి మెలిక్‌సేత్ కట్టించిన మేడ.
ఇటలీ నుంచి దిగిన చిత్రకారుడొకడు
నాట్యశాల కప్పు నిండా కొంగల్ని ఎగరేశాడు.
అందులో ఒకదానికి మూడు కాళ్లు.
కూలి కోసినందుకు కసి అని కొందరు,
తాగి ఉన్నాడని కొందరు.
వ్యాపారి ఏమయ్యాడంటే మాత్రం
పేటంతా ఒకటే మాట: "వెళ్లిపోయాడు."
ఎక్కడికో ఎవరూ అనరు.

తర్వాత మేడలో గోడలు మొలిచాయి.
కొంగ మెడ గ్లఫీరా గదిలోకి,
కాళ్లు జుజునా వాళ్ల గదిలోకి.
మూడో కాలు గోడలోకే పోయింది.
తలుపుకి ఏడు గంటలు,
గంటంటే వేళ కాదక్కడ, మనిషి.
ఏడు తీగలు, ఏడు మీటర్లు,
ఒకే వంటింట్లో ఏడు బల్బులు.
ఎవరి చిక్కుళ్లు ఉడుకుతుంటే వాళ్ల బల్బే వెలగాలి.
ఒకరి వెలుగులో ఇంకొకరు ఉల్లిపాయ తరిగితే
దొంగతనమే.
అలాంటి ఒక్క ఉల్లిపాయకే
గ్లఫీరా అయిదేళ్లు జుజునాతో మాట మానేసింది.
జుజునా కొడుకు జ్వరంతో మూలిగిన రాత్రి
తన బల్బు వేసి, తన గ్యాసు మీద
తెల్లారేదాకా నీళ్లు కాచింది.
అప్పుడూ మాట్లాడలేదు.

కింద నడవాలో కుళాయి ఒకటే.
ద్రాక్షతీగ మూడో అంతస్తుదాకా పాకింది,
ఎవరి కటకటాల మీద గుత్తి వేలితే వాళ్లది.
అర్షాక్, వాఝా పాచికలాడేవాళ్లు
అంకెల్ని పారసీలో అరుస్తూ.
ఇద్దరిదీ కాని భాషలో ఓడిపోతే
నొప్పి తక్కువని అర్షాక్ లెక్క.

ఆపైన చీకటి.
ఒక రాత్రిది కాదు, ఏళ్లది.
కిటికీలన్నీ రేకు గొట్టాల్లోంచి పొగ వదిలాయి.
నాట్యశాల చెక్కనేల పలక పలకే పొయ్యిలోకి పోయింది.
కిరోసిన్ వరసలో గ్లఫీరా మోచెయ్యి పట్టుకుని
జుజునా.
గంటలు మోగవు కదా,
తట్టే తీరుని బట్టి పోల్చుకునేవాళ్లు.

కరెంటు లేని ఊళ్లో మీటరు వాడికేం పని?
అయినా నెలనెలా వెళ్లాను.
కొవ్వొత్తి ఎత్తి పట్టుకుంటే చూసి రాశాను:
సున్నా. సున్నా. సున్నా.
"ఈ నెల ఎంతయింది?"
జుజునా కళ్లద్దాలు సవరించుకుని అడిగేది.
"సున్నా, అవ్వా."
"పోయిన నెలకంటే నయమే."
జేబులో రెండు అక్రోటులు పడేవి.
వెనకే గ్లఫీరా, సంతకానికి చెయ్యి తుడుచుకుంటూ.
సున్నాకి సంతకం అక్కర్లేదని
నేనెప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు గంటే లేదు.
అంకెలు నొక్కే పెట్టె ఉంది.
మీటర్లు తమని తామే చదువుకుంటున్నాయి.
రాళ్ల మీద సూట్‌కేసు చక్రాలు
అర్ధరాత్రి కూడా పళ్లు కొరుకుతాయి.
గోడలు తీశాక కొంగ మళ్లీ ఒక్కటయింది,
మూడో కాలు పొరపాటనుకుని
సున్నం కొట్టి చెరిపేశారు.

నిన్నొక అమ్మాయి, ఏ దేశమో,
గుమ్మం దగ్గర ఆగింది.
గోడలోని ఏడు చిల్లులు చూపించి
తుపాకీ గుళ్లవా అంది.
కాదన్నాను.
ఒక్కో చిల్లు మీద వేలుపెట్టి పేర్లు చెప్పాను.
జుజునా. గ్లఫీరా. అర్షాక్. వాఝా.
అయిదోది ఎంతకీ తట్టలేదు.
సన్నటి మనిషి, పళ్ల డాక్టరు,
ఒంటరివాడు, పిల్లిని పెంచేవాడు.
పిల్లి పేరు మాత్రం గుర్తుంది.

అదే చెప్పాను:
మురబా.