శివారు తూము

భీమవరం కోర్టు ఎదుట, జిరాక్సు షాపు చూరు కింద
ముప్పయ్యేళ్ళుగా టైపు కొడుతున్నాను.
గట్టు తగాదాలు, పాలివాటాలు, చెల్లని చెక్కులు.
ఇలాంటిది మాత్రం ఎప్పుడూ కొట్టలేదు.

కొప్పాడి నూకరత్నం. రొయ్యల ఫ్యాక్టరీలో వొలుపు పని.
ఏడో నెలలో గేటు దగ్గర కార్డు లాక్కున్నారు.
"కిలోకింత లెక్క నీది,
మా రిజిస్టర్లో నీ పేరే లేదు, సెలవేంటి?"

ప్లీడరమ్మ చెబుతోంది, నేను కొడుతున్నాను:
సముద్రాల అవతల ఎక్కడో
దేశాలన్నీ కూర్చుని రాసుకున్న ఒడంబడిక.
మన దేశమూ చేవ్రాలు చేసింది.
కడుపుతో ఉందని ఏ ఆడమనిషినీ పన్లోంచి తియ్యరాదు.
అక్కడ నా వేళ్ళు కాస్త ఆగాయి.

అఫిడవిట్ కింద వేలిముద్ర అడిగితే
బొటనవేలు నున్నగా ఉంది, ఐసులో అరిగి.
రేషన్ మిషను కూడా గుర్తుపట్టదట.
పెన్ను తీసుకుని, పెదవి కొరుక్కుంటూ
పేరు రాసింది. వత్తు మర్చిపోయి
మళ్ళీ వెనక్కొచ్చి తగిలించింది.

వాయిదా రోజు ఫ్యాక్టరీ ప్లీడరు లేచాడు.
"అది రాజ్యానికీ రాజ్యానికీ నడుమ కాగితం.
మధ్యలో ఈవిడెవరండీ?"

ఎవరూ అడక్కుండానే చెప్పింది:
"మా నాన్న లస్కరండి. లాకు తలుపులెత్తేవాడు.
ధవళేశ్వరంలో నీళ్ళొదిలామని పుస్తకంలో రాసేసేవోరండి.
లోసరి శివారు చేలో చూస్తే నెర్రెలండి.
వంతునాడు రాత్రి తూముకాడ
పలుగట్టుకు నిలబడ్డోడి మళ్ళోకే
నీరొచ్చేదండి.
నిలబడ్డానికొచ్చానండి, ఆయ్."

ఫ్యాను కిర్రుమంది. బంట్రోతు నవ్వబోయి మానుకున్నాడు.
జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని
"దీని తెలుగు ప్రతి ఏది?" అన్నారు.
లేదు.
ఇన్నేళ్ళలో ఎవరికీ అవసరం పడలేదు కాబోలు.
ఇరవై మూడుకి వాయిదా.

ఆ ప్రతి ఇప్పుడు నా మిషను మీద ఉంది.
షట్టర్లు దించేశారు. యనమదుర్రు వైపు నుంచి
బురదవాసనా, రొయ్యల మేతవాసనా.
ప్లీడరమ్మ తెలుగు చేసిచ్చిన కాగితం
దీపానికి దగ్గరగా జరుపుకుని కొడుతున్నాను.

హక్కు అన్న మాట వచ్చింది.
నా మిషనులో కవత్తు అరిగిపోయింది,
ఒకసారికి పడదు.

రెండోసారి కొట్టాను.