ఎడమ దిక్కు దగ్గు

ఫర్వానియాల మా రూము
ఆరు మంచాలు, ఒక కిటికీ.
నా మంచం కింద పెట్టె లేదు,
యాంప్లిఫయర్ ఉన్నది.

మొదటిది జుమా సంతల కొన్న, పన్నెండు దినార్లు.
అమ్మినాయన ఫైనల్ ఎగ్జిట్ మీద పోతున్నడు.
పైసలు లెక్కపెట్టుకున్నంక గూడ
దాని మీదికెల్లి చెయ్యి తియ్యలే.

రెండోది రాంగనే మొదటిది చెవిటిదయింది.
స్పీకర్లు మార్చిన.
మంచి స్పీకర్లకు వైరు సాలలే,
మంచి వైరుకు గోడల కరెంటు సాలలే.
"పాట అదే గద బావా" అంటడు లస్మన్న,
పిండి చేతులతోని.
అదే కాదని వానికెట్ల చెప్పాలె?

గట్టిగ పెట్టేది లేదు.
ఎప్పుడు చూసినా ఎవడో ఒకడు పండుకోనే ఉంటడు.
అందుకే హెడ్‌ఫోన్లు. ఇవి మూడోయి.

ఊరందరి ఏసీలు బాగుచేసేటోన్ని,
జులైల, నడిరాత్రి,
మా ఏసీ బందు వెట్టిన
ఒక్క పాట కోసం.

అప్పుడు వినవడ్డది.
రెండో చరణం ముంగట, ఎడమ దిక్కు,
వయొలిన్లు ఎత్తుకునే సందుల
ఎవలో ఆపుకున్న దగ్గు.

లస్మన్న చెమటల తడిసి లేచి
నా ఏడు తరాలను తిట్టిండు.
అది గూడ సాఫ్‌గ వినవడ్డది.

ఇప్పుడు పాట వింటలేను.
ఆ మనిషిని వెతుకుతున్న.
ఆడో, మగో.
జరమున్నా ఆ పూట కూలి పోతదని వచ్చిండో.
ఇంకింత మంచి డ్యాక్ ఉంటే తెలుస్తదేమో.

సాల్మియాల ఒకాయన అమ్ముతున్నడట.
ఆయన గూడ పోతున్నడట.