సాక్షి సంతకం

ఆదివారం పొద్దున్నే పంటు మీద దిగారు,
ఐసు డబ్బాలు, ఫ్లెక్సీ బ్యానరు, నూటయాభై సమోసాలు.
'అవగాహన సదస్సు' అని పశువులాసుపత్రి గోడకి
బ్యానరు కట్టింది నేనే.
ఒక కొస గాలికి ఊడుతుంటే
నా జడ రిబ్బను విప్పి బిగించాను.

ఆశా వర్కర్ని గదా, ముందురోజే ఇల్లిల్లూ తిరిగి చెప్పాను:
సూది లేదు, నెత్తురు లేదు.
ఉమ్మి. అంతే.
గొట్టంలో గీత దాకా.

వచ్చినాయన మంచివాడే.
ఉప్పుగాలికి చెమటలు కక్కుతూ చెప్పాడు,
మనిషి లోపల ఒక పొడుగు పుస్తకముంటుందని,
అందులో అచ్చుతప్పు దొరికితే
పుట్టబోయేవాళ్ళకి దిద్దే రోజులొచ్చాయని.
మావాళ్ళు తలలూపారు.
వరద హెచ్చరిక చదివినా ఇలాగే ఊపుతారు.

గంటలో నలభై వేలిముద్రలు.
కాగితం నాలుగు పేజీలు, నేను చదివింది ఒకటిన్నర.
సాక్షి అన్నచోట నలభైసార్లూ నా పేరే:
ఓలేటి నూకరత్నం.

పెద్దింట్లు ఉమ్మేసి సమోసా తింటోంది.
ఒకే కాన్పులో, ఒకే మావిలో దాని వెనకే పుట్టిన చిన్నింట్లు
వల భుజానేసుకుని వచ్చి నిలబడింది.
"మా ఇద్దరిదీ ఒకటే పుస్తకమా బాబూ?"
"ఒకటేనమ్మా."
"మరి దాన్ది చదివితే నన్ను చదివినట్టేగా.
నన్నడిగిందెవరు?"

ఆయన వాచీ చూసుకున్నాడు.
మంచి ప్రశ్నన్నాడు.
పంటు టైమైందన్నాడు.

రేవులో చిన్నింట్లు నాతో అంది:
"ఈ గట్టు కోసిన మన్ను
ఏటి కింద నడిచెళ్ళి అవతల మేటేస్తది.
మా అయ్య భూమి అలాగే పోయింది.
మనదేనని మనకి తెలుసు.
రాళ్ళు పాతింది మాత్రం వేరేవాళ్ళు."

మూడు నెలలు. ఏ కబురూ లేదు.
కాగితం మీది నంబరుకి చేస్తే
ఒక ఆడగొంతు, ఇంగ్లీషులో,
తర్వాత పాట.

నిన్న మెసేజొచ్చింది:
వచ్చే ఆదివారం బడిపిల్లలు. సిద్ధం చేయగలరు.

దీపం కింద కూర్చున్నాను,
మా అమ్మాయి డిక్షనరీ ఒళ్ళో పెట్టుకుని.
'భవిష్యత్ వినియోగం' దగ్గర వేలు ఆగింది.
ఎవరి భవిష్యత్తో రాయలేదు.

అరుగు మీద వల అల్లుకుంటూ చిన్నింట్లు అడిగింది:
"ఎందాకా వచ్చావే?"
"మూడో పేజీ."
"చదువు. పంటు ఆగుద్దిలే."