మెట్టు వదలని చెయ్యి

తెలావీ ఆసుపత్రి. సెప్టెంబరు.
వీధిలో లారీలు మోసుకెళ్లే ద్రాక్షవాసన
కిటికీలోంచి వచ్చి స్పిరిట్ వాసనలో కలుస్తోంది.
బల్ల మీద జుజునా బెబియా, అరవై ఎనిమిదేళ్లు,
కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది.
నేలలో పాతిన మట్టి కాగులోకి,
మనిషి నిలువునా మునిగేంత క్వెవ్రీలోకి
చెర్రీ బెరడు కుంచెతో దిగి గోడలు తోమింది.
పైకెక్కి వస్తుంటే
నిచ్చెనకి తన వయసు గుర్తొచ్చింది.

"నిద్రపుచ్చకు" అంది, కాగితం మీద వేలిముద్ర వేసే ముందే.
"కోతల వారంలో పడుకున్న ఆడదాన్ని
మా ఊళ్లో ఎవరూ చూళ్లేదు."
సరే అన్నాను.
మత్తు డాక్టరంటే నిద్ర అమ్మేది అనుకుంటారు గానీ
నాకు ఇష్టమైన పని ఇదే,
ఇల్లంతా దీపాలు వెలుగుతుండగా
ఒక్క గదికి ఫ్యూజు పీకడం.

కంటె ఎముక పైన చల్లటి జెల్.
ప్రోబు ఆనించగానే తెర మీద బూడిదరంగు వాన.
వానలో ఒక నల్లటి గుండ్రం కొట్టుకుంటోంది, ధమని.
దాని కింద తెల్లటి గీత పక్కటెముక.
ఆ పక్కనే మెరిసే పొర,
ఊపిరితో పాటు జారుతూ, జారుతూ.
సూది అక్కడికి పోకూడదు.
ఇరవై రెండేళ్లుగా ఆ పొర కనపడ్డ ప్రతిసారీ
మనసులోనే శిలువ గీసుకుంటాను.

ధమనిని ఆనుకుని నరాలు, ఒక గుత్తి.
"చూడు బెబియా, మా వాళ్లు దీన్ని
ద్రాక్షగుత్తి అంటారు."
తల అటే తిరిగి ఉంది, తెర ఎదురుగానే ఉంది.
చాలాసేపు చూసింది,
మూత తీసిన కాగు మీదికి వంగినట్టు.
"ఇదా? గింజకీ గింజకీ పొంతన లేదు. పిందెలు.
ఇలాంటివి మేం మేకలకి వేస్తాం."
నర్సు నాటెలా చేతిలో ట్రే గలగలమంది.

సూది అడ్డంగా వచ్చింది, వెలుగుగీతలా.
కొన కనపడకపోతే ఆగాలి.
ఆగాను.
కనపడింది.
నాటెలా మందు తోసింది, ముందు కాస్త, మళ్లీ కాస్త.
పాదులోకి మళ్లిన నీరులా
నరాల చుట్టూ నల్లగా నిండింది.
పిందెలు ఒక్కొక్కటే విడివడి తేలాయి.
"ఇప్పుడు కొంచెం రసం పట్టాయి" అంది తను.

పావుగంట. ఐసుముక్క తాకిస్తూ అడిగాను.
బొటనవేలు, చలి లేదు.
చిటికెన వేలు, ఉంది, ఉంది, లేదు.
ఎత్తమంటే భుజం ఎత్తింది గానీ
మోచెయ్యి మడతపడి
తడిగుడ్డలా తన ముఖం మీదే వాలింది.
"ఎవరిదీ బరువు? తియ్యండి."

సర్జన్ బాద్రీ ప్లేటు బిగిస్తున్నాడు.
డ్రిల్లు చప్పుడు.
పచ్చ గుడ్డకి ఇవతల బెబియా
అల్లుడు ద్రాక్ష తొందరపడి కోశాడని
నాకు ఫిర్యాదు చేస్తూ చేస్తూ ఆగింది.
"నా చెయ్యి ఇంకా పైనే ఉంది."
లేదు, బల్ల మీద చాపి ఉంది అన్నాను.
"నువ్వు చూసేది నాకెందుకు?
మెట్టు పట్టుకుని ఉన్నాను, వేళ్లు బిగించి."

మత్తు ఎక్కేముందు చెయ్యి ఎలా ఉందో
మెదడు అలాగే దాచుకుంటుందని
మా పుస్తకాల్లో ఒక వాక్యం ఉంది.
ఆమెకి చెప్పబుద్ధి కాలేదు.
"గట్టిగా పట్టుకో" అన్నాను.
బాద్రీ తలెత్తి నా వైపు చూశాడు.

రాత్రి పదకొండుకి వార్డుకి వెళ్లాను, డ్యూటీ లేకపోయినా.
చిటికెన వేలు ముందు తిరిగొచ్చిందట, చీమల్ని వెంటేసుకుని.
తర్వాత ఉంగరం వేలు.
నొప్పి మాత్ర అప్పటికే మింగింది.
"దిగావా?"
"ఇప్పుడే. చివరి మెట్టు లేదు అక్కడ, దూకాల్సి వచ్చింది."

ఆసుపత్రి వెనక పెరట్లో
ఎవరో దీపం దింపుకుని కాగు తోముతున్నారు.
గరగర, గరగర.
కళ్లు మూసుకుని వింది.
"అడుగు వదిలేస్తున్నాడు" అంది.